కాలు కింద పెట్టరాదు

మా మామగారు ఇచ్చిన పాత బుల్లెట్‌ను నేను ట్రయల్స్ బండిగా మార్పించానని విని విశాఖలోని మా బంధువర్గం చాలా బాధపడింది. విషయం తెలియక పడిన బాధ అది. తెలియజెప్పడం నా బాధ్యత.

ట్రయల్స్ అంటే పరుగు పందెం కాదు. రాళ్ళ మీద, వాగుల్లో, బురద గట్ల మీద గుర్తులు పెట్టిన దారిలో కాలు కింద పెట్టకుండా బండి నడపాలి. ఒకసారి పెడితే ఒక మార్కు, రెండుసార్లకు రెండు, ఆపైన ఎన్నిసార్లు పెట్టినా మూడు. పడిపోతే అయిదు. తక్కువ మార్కులు వచ్చినవాడే విజేత. నా చదువుకాలంలో ఈ పద్ధతే ఉండి ఉంటే ఈపాటికి కలెక్టరుగా రిటైరయ్యేవాణ్ణి.

బుల్లెట్ దీనికి పనికిరాదనేవారు చరిత్ర చదవాలి. స్కాట్లాండులో ఆరు రోజులు జరిగే ట్రయల్‌ను 1952లోనూ 1957లోనూ జానీ బ్రిటన్ గెలిచింది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీదే. ఆ ఇంజనులో తిరిగే ఫ్లైవీలు అనే చక్రం బరువు. నత్తనడకన పోతున్నా ఆగిపోకుండా డుగుడుగుమంటూ లాగుతుంది. 1965లో అదే పోటీని శామీ మిల్లర్ తేలికపాటి స్పెయిన్ బండి బుల్టాకో మీద గెలిచాక బరువు బండ్లు ఇంటిదారి పట్టిన మాట నిజమే. నా బండి తిరిగేదీ ఇంటిదారిలోనే కదా! ఇప్పటి ట్రయల్స్ బండి 70 కిలోల దగ్గర ఉంటుందట, మాది 180 దాటుతుంది. ఇంత చిన్న విషయానికి వెనుకాడితే ఎలా?

దొండపర్తి షెడ్డులో మేస్త్రీ, "ముందు ఏది తీసేయమంటారు బాబూ?" అన్నాడు. బరువున్నవన్నీ తీయమన్నాను. మడ్‌గార్డులు, టూల్ బాక్సు, చీర గార్డు పోయాయి. పొడుగాటి సీటు స్థానంలో అరచేతి వెడల్పు మెత్త వచ్చింది. నీళ్ళూ రాళ్ళూ తగలకుండా సైలెన్సరు మోకాలి ఎత్తుకు లేచింది. వెనక పళ్ళచక్రం పెద్దది పడింది. దాంతో బండి గోడ అయినా ఎక్కగలదు గాని, బీచ్ రోడ్డులో సైకిలు మీద పోయే పాల అబ్బాయి నన్ను దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తున్నాడు. రాళ్ళ మీద పట్టు దొరకాలని టైర్లలో గాలి అయిదారు పౌండ్లకు దించాను. పంక్చరు షాపు కుర్రాడు అది చూసి తట్టుకోలేక, నేను టీ తాగి వచ్చేలోగా ముప్ఫై పౌండ్లు కొట్టి, డబ్బులు కూడా వద్దన్నాడు.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?" అంది మా ఆవిడ. ఇది నిలబడి నడిపే క్రీడ అని వివరించాను. ఆమె ఆటోను పిలిచింది.

చట్టం కూడా మార్కులు వేస్తుంది. మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నా బండి మీద మార్పులు ఏడు వరకూ లెక్కపెట్టి ఆపేశాను. స్కాట్లాండులో ఎన్నిసార్లు కాలు పెట్టినా మూడుకు మించదు. మన చట్టంలో ఆ దయ లేదు.

ఇక సాధన ఎక్కడ చేయాలన్నది ప్రశ్న. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళ వారసత్వం, అక్కడ టైరు పెట్టడం పాపం. సింహాచలం మెట్లంటారా, అప్పన్న ఊరుకోడు. అదృష్టవశాత్తు మా వీధిలోనే పైపు కోసం ఒకసారి, తీగ కోసం ఒకసారి, అదే పైపు కోసం మళ్ళీ ఒకసారి తవ్వారు. ఎవరు తవ్వారో అడగలేదు. అడిగితే పూడ్చేస్తారేమోనని భయం.

నిన్న ఎం.వి.పి. కాలనీ రైతు బజారు నుంచి వస్తూ ఆ మూడు గోతులూ ఒక్క మార్కు కూడా పడకుండా దాటాను. చూసినవాళ్ళు లేరు. సంచీ పెట్టే చోటు బండి మీద లేనందువల్ల పక్కకు కట్టాను. అక్కడ సైలెన్సరు ఉందన్న సంగతి వాసన వచ్చాక గుర్తొచ్చింది. మా ఆవిడ సంచీ విప్పి చూసి ఏమీ అనలేదు. వంకాయలు ఒకవైపు బాగానే కాలాయి. రెండోవైపు స్టవ్ మీద కాల్చి పచ్చడి చేసింది.