పాత ఫైటర్లను పోల్చేటప్పుడు స్టిక్ బరువును ఎందుకు వదిలేస్తున్నాం?

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానాల్లో ఏది మేటి అన్న చర్చ మొదలైతే చాలు, గరిష్ఠ వేగం, ఇంజిన్ హార్స్‌పవర్, తుపాకుల సంఖ్యలతో నిండిన పట్టికలు ముందుకు వస్తాయి. కంట్రోల్ స్టిక్‌ను కదపడానికి పైలట్ ఎంత బలం పెట్టాలో మాత్రం వాటిలో కనిపించదు. అది లేని పోలికను నేను పోలికగా ఒప్పుకోను. ఆనాటి ఫైటర్లలో చాలావాటికి హైడ్రాలిక్ (ద్రవ పీడనంతో పనిచేసే) సాయం లేదు. విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క అంచు పలక, అంటే ఎయిలెరాన్ మీద గాలి తోపును పైలట్ తన చేతి బలంతోనే ఎదుర్కోవాలి. వేగం రెట్టింపైతే, అదే కోణానికి ఆ తోపు దాదాపు నాలుగు రెట్లవుతుంది.

బ్రిటిష్ నిపుణులు 1940లో, తమకు చిక్కిన జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109ఈ విమానాన్ని ఫార్న్‌బరోలో పరీక్షించారు. గంటకు 400 మైళ్ల వేగం దగ్గర పైలట్ శక్తినంతా కూడదీసుకున్నా ఎయిలెరాన్‌ను పూర్తి కదలికలో ఐదో వంతుకు మించి తిప్పలేకపోయాడు. 45 డిగ్రీలు ఒరగడానికి సుమారు 4 సెకన్లు పట్టింది. తప్పు గాలిది మాత్రమే కాదు. కాక్‌పిట్ ఇరుకు కావడంతో స్టిక్‌ను పక్కకు 40 పౌండ్ల బలంతో మాత్రమే నెట్టగలిగారు. చోటుంటే 60 పౌండ్లకు పైగానే పెట్టవచ్చని వారి అంచనా. స్పిట్‌ఫైర్‌ను ఆరాధించేవారు గమనించవలసింది మరొకటుంది: అదే వేగంలో ఆ బ్రిటిష్ ఫైటర్ కూడా అంతే మొరాయించింది. గుడ్డ కప్పిన దాని ఎయిలెరాన్లు అధిక వేగంలో ఉబ్బిపోయేవి. లోహపు రేకు తొడిగాకే ఆ బాధ చాలావరకు తగ్గింది.

జపాన్ ఫైటర్ జీరో విషయంలో నాకు దాని రూపకర్త హొరికోషి జిరో మీద అపారమైన గౌరవం. స్టిక్‌ను ఒకే మేరకు లాగినా వేగం పెరిగేకొద్దీ విమానం మరీ తీవ్రంగా స్పందిస్తుందని గ్రహించి, ఆయన ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కేబుళ్ల సాగని గట్టిదనాన్ని కావాలనే తగ్గించాడు. వేగం ఎక్కువైనప్పుడు గాలి తోపుకు ఆ కేబుల్ కాస్త సాగి, ఎలివేటర్ తక్కువగా కదులుతుంది. పైలట్ చేతికి మాత్రం అన్ని వేగాల్లోనూ ఇంచుమించు ఒకే స్పందన అందుతుంది. ఇంతటి సూక్ష్మ దృష్టిని ఏ హార్స్‌పవర్ అంకె చూపగలదు? అయితే జీరో ఎయిలెరాన్లకు ఆ భాగ్యం దక్కలేదు. అల్యూషియన్ దీవుల్లో 1942లో దొరికిన జీరోను బాగుచేసి ఎగరేసిన అమెరికన్లు, 200 నాట్లు (గంటకు సుమారు 370 కిలోమీటర్లు) దాటాక అది పక్కకు ఒరగడానికి బద్ధకిస్తుందనీ, కుడివైపుకు మరింత కష్టపడుతుందనీ కనిపెట్టి, ఆ సంగతిని తమ పైలట్లకు చేరవేశారు.

ఇదంతా చిన్న విషయమనేవారు లాక్‌హీడ్ పీ-38 అనే అమెరికన్ ఫైటర్ను చూడాలి. యుద్ధం నడుస్తుండగానే, అదనపు బరువునూ చిక్కులనూ భరించి, చివరి జే రకం విమానాల ఎయిలెరాన్లకు హైడ్రాలిక్ సాయం అమర్చారు.