బీరువా ఎనుక నిలబడ్డ హక్కు సారుకు

హక్కు సారూ, నమస్తే.

నిన్న పదకొండున్నర నుంచి నాలుగున్నర దాక మీ ముంగటనే కూసున్న, నన్ను గుర్తువట్టిన్రో లేదో. నాకైతే మీ మొకం సగమే కనవడ్డది. గోడకు మీ బోర్డు పెద్దదే కొట్టిన్రు, నీలం రంగు మీద తెల్లక్షరాలు, గనీ దానికి అడ్డంగ ఫైళ్ల బీరువా తెచ్చి పెట్టిన్రు కదా, "సమాచా"ను బీరువా మింగింది, "ర హక్కు చట్టం – 2005" అని మిగిలింది బయటికి తొంగి చూస్తున్నది. కింద అధికారి పేరు మీద తెల్ల కాయితం అతికిచ్చి ఇంకో పేరు రాసిన్రు, ఆ ఇంకో పేరు సారు కూడ ట్రాన్స్‌ఫర్ అయ్యి ఆర్నెల్లయిందట. మీ బోర్డు మేకుకే ఎవరిదో టిఫిన్ బ్యాగు ఏలాడుతున్నది. పప్పుచారు వాసన. ఐదు గంటలు ఇంకేం చూడాలె సారూ, మిమ్ములనే చూసిన.

నేనేం కొంపలు ముంచేది అడగలే. మా గల్లి మోరి సంగతి అడిగిన. హన్మకొండల ఉండేటోల్లకు వేరే చెప్పే పనిలేదు, 2020 ఆగస్టు వరద ఎవ్వలు మర్వలే, 2023 జులై అసలే మర్వలే, ఫ్రిజ్జు మంచం మీదికి ఎక్కిచ్చిన ఇండ్లెన్నో. గందుకే ఒక్క ప్రశ్న రాసిన: మూడేండ్లల్ల మా మోరి పూడిక ఎన్నిసార్లు తీసిన్రు, బిల్లెంత, పని కొలతలు రాసే ఎం-బుక్ కాపీ ఇయ్యిండ్రి. గంతే. దరఖాస్తు ఫీజు పది రూపాయలు క్యాష్ తీస్కోవచ్చని రూలుంది, ఆఫీసుల రసీదు బుక్కు అయిపోయిందన్నరు. పోస్టాఫీసుల పోస్టల్ ఆర్డరు లేదు. కోర్టు ఫీ స్టాంపు కోసం తిరిగితే పది రూపాయల స్టాంపు ఇరువైకి దొరికింది, అది నా వినియోగదారుల హక్కు కిందికి వస్తదనుకుంట, ఆ సారును ఇంకోసారి అర్సుకుంట.

సరిగ్గ ఇరువై తొమ్మిదో రోజు జవాబొచ్చింది. మెచ్చుకోవాలె, ముప్పై రోజుల గడువు దాటనియ్యలే. "తమరు కోరిన సమాచారము విస్తృతమైనందున కార్యాలయ పనివేళలయందు హాజరై పరిశీలించుకొనగలరు." కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం అని ఇదే ఆఫీసుల దండలేస్తరు, మన యాస గొప్పదని మైకుల చెప్తరు, పదో తారీకు నుంచి మళ్ల "పరిశీలించుకొనగలరు".

అవన్నీ పోనీ. నా కడుపు మండేది వేరే ఉన్నది సారూ. ఒక్క మాట. "ఎందుకు?"

మీ సెక్షన్ 6(2)ల ఏముంది? సమాచారం అడిగినోన్ని కారణం అడగొద్దు అని ఉన్నది. నేను జిరాక్స్ తీసి జేబుల పెట్టుకోని తిరుగుతున్న. అయినా స్టాంపు అమ్మేటాయన అడిగిండు, ఎందుకు సార్, ఎవలి మీద? అంటే మీరంటే ఎవ్వలో ఒకల మీద ఇడిసేటి బాణమని ఆయన లెక్క. దరఖాస్తులు తీస్కునే ఇన్‌వార్డుల కూసున్నామె దరఖాస్తు చదివి, కండ్లద్దాలు తీసి, మళ్ల పెట్టుకోని, మోరి లెక్క మీకెందుకు సార్ అన్నది. అటెండర్ ఎందుకన్నడు. నాకంటె ముందు వచ్చి కూసున్న పెద్దమనిషి, పింఛన్ కోసం తిరుగుతున్నడు పాపం, ఆయన గూడ మెల్లగ నా దిక్కు వంగి ఎందుకు బిడ్డా గీ లొల్లి అన్నడు. ఇంట్ల మా ఆమె అయితే మొదటి దినం నుంచి అదే పాట, ఎందుకు మనకు, ఊకోరాదు.

అన్నిటికంటె పెద్ద ఎందుకు దరఖాస్తు పెట్టిన రెండో రోజే, ఆదివారం పొద్దుగాల ఫోన్ల వచ్చింది. "అన్నా నమస్తే, గుర్తువట్టినవా, మోరి పని మేమే చేసినం, ఏదో దరఖాస్తు పెట్టినవట, ఎందుకన్నా, మనం మనం ఒకటి కాదా, ఏమన్నుంటే నాకే ఫోన్ కొట్టకపోయినవా" అన్నడు కాంట్రాక్టర్. నా దరఖాస్తుల నా ఫోన్ నంబరుంది, అది ఆఫీసుల ఇచ్చిన. నాకు ఎం-బుక్ల ఒక్క పేజీ రానీకి ముప్పై రోజులు, నా నంబరు కాంట్రాక్టర్ దగ్గరికి పోనీకి మూడు రోజులు పట్టలే. ఇంత స్పీడు ఉన్న ఆఫీసును పట్టుకోని పని చెయ్యరు అని ఎట్లంటరయ్యా!

ఏం చేస్తున్నవ్ నువ్వు అప్పుడు? అవ్, నువ్వు అంటున్న. సారు గీరు అయిపోయింది. ఇరువై ఏండ్లు దాటిన చట్టానివి, బీరువా ఎనుక టిఫిన్ బ్యాగు మోస్కుంట నిలబడ్డవ్. లేటు చేసిన అధికారికి దినానికి 250, మొత్తం 25,000 దాక జుర్మానా అని పెద్ద పెద్ద మాటలు రాసుకున్నవ్, వేసేటోడెవ్వడు? మన రాష్ట్ర సమాచార కమిషన్ల 2023 నుంచి 2025 దాక రెండేండ్లు ఒక్క కమిషనర్ లేడు, కుర్చీలకు అప్పీల్ పెట్టుకోవాల్నా? 2019ల నీ కమిషనర్ల పదవీకాలం కేంద్రం చేతుల వడ్డది, 2023ల డేటా చట్టం పేరుతోని నీ 8(1)(జె)ను, సొంత వివరాలు ఎప్పుడు ఇయ్యాలెనో చెప్పే ముక్కను, కోసిన్రు, కిక్కురుమనలే నువ్వు. మీ ఇంటోల్లు అందరు గంతే. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు చౌరస్తాల చెప్పుల దుకాణం కింద ఉన్నది. ఆస్తి హక్కును 1978లనే ప్రాథమిక హక్కుల ఇంట్లకెల్లి బయటికి తోలిన్రు, రాజ్యాంగంల 300-ఏ అని ఎనుక అర్రల పండుకుంటున్నది. ఓటు హక్కు సారు ఐదేండ్లకోసారి పెండ్లికొడుకు లెక్క ఊరేగుతడు, తెల్లారి అడ్రస్ ఉండది.

అయినా నిన్ను పూరాగ ఇడిసిపెట్టలేక పోతున్న, అదే నా బాధ. నువ్వు ఢిల్లీల ఏసీ రూముల పుట్టినోనివి కాదు. రాజస్థాన్‌ల కరువు పనికి పోయిన కూలోల్లు మా కూలి లెక్కలేవి, మస్టర్ రోల్, అంటె హాజరు పట్టీ, చూపియ్యిండ్రి అని 1996ల బ్యావర్‌ల నలభై దినాలు రోడ్డు మీద కూసుంటే కడుపుల పడ్డోనివి. వాల్లను గూడ అడిగే ఉంటరు, మీకెందుకు లెక్కలని. మా అక్క కొడుకు డిగ్రీల ఫెయిలైతే నీ పేరు మీదనే జవాబు పత్రం తెప్పిచ్చుకున్నడు, ఎవల పేపరు వాల్లకు చూపియ్యాలెనని 2011ల సుప్రీంకోర్టు చెప్పింది కదా, తీరా చూస్తే ఎనుక పేజీ మార్కులు కలపనే లేదు. ఆ దినం మా అక్క నీకు దండం పెట్టింది, నిజం.

నాలుగున్నరకు ఆఫీసర్ సారొచ్చిండు. ఫైలు ముంగటేసుకున్నడు, నేను ఒంగి చూడవోతే మూసిండు. ఎందుకు సార్ గిదంత అన్నడు. నేను 6(2) జిరాక్స్ తీసి టేబుల్ మీద పెట్టిన. ఆయన దాన్ని చూడనన్న చూడలే. మీ ఇంటి నంబరెంత అన్నడు. చెప్పిన. నవ్విండు. "హక్కులు అందరు అడుగుతరు సార్, బాధ్యతలు గూడ ఉంటయి. పూడిక తీయనీకి మావోల్లు వచ్చిన్రు, మీ ర్యాంపు అడ్డమొచ్చిందని రాసిన్రు, చూస్తరా?" అని ఒక కాయితం, ఆ ఒక్క కాయితం, నా దిక్కు తిప్పిండు.

ఎం-బుక్ అడిగితే వేరే డిపార్ట్‌మెంటుల ఉందన్నడు. ఉంటే ఐదు దినాలల్ల ఆ డిపార్ట్‌మెంటుకు పంపాలె గద నా దరఖాస్తు అని అడగవోయిన, నోరు రాలే. ఎందుకంటె ర్యాంపు నిజమే. కారు కొన్నప్పుడు మోరి మీద నాలుగు ఫీట్ల స్లాబు పోపిచ్చిన. నా ఇంటి ముంగటి జాగ, నా హక్కు అని పక్కింటాయనతోని గొంతు చించుకోని మరీ పోపిచ్చిన.

ఇంటికొచ్చినంక టార్చ్ పట్టుకోని మోకాల్ల మీద కూసోని కిందికి చూసిన. ప్లాస్టిక్ కవర్లు, ఒక కొబ్బరి బోండం, నల్లటి ముద్ద, నీళ్లు కదుల్తనే లేవు. పక్కోల్ల స్లాబు గూడ గట్లనే ఉన్నది, ఆ పక్కది గూడ. నాదైతే నాదే.

అప్పీల్ సోమవారం పెడుత, అది ఇడిసేది లేదు. స్లాబు ఎంతకు పలగ్గొడుతవని పొద్దుగాల మేస్త్రిని అడిగిన. రెండు వేలన్నడు. జర సేపు స్లాబు దిక్కు చూసి, మంచిగనే ఉన్నది గద, ఎందుకు సార్ అన్నడు.

మేస్త్రికి 6(2) లేదు. చెప్పాల్సొచ్చింది.

ఇట్లు,
నీ బోర్డుకు ఎదురుంగ, మూడో కుర్చీ
హన్మకొండ