విషానికి వెల కట్టిన రాజీ

మూడు పిల్లులు చచ్చాయి. మూడు వేల రూపాయలు చేతులు మారాయి. తొమ్మిది మంది పెద్దమనుషులు తెల్లకాగితం మీద సంతకాలు పెట్టి ఎవరి ఇళ్లకు వారు వెళ్లిపోయారు. నల్లగొండ పట్టణ శివారులోని ఒక కాలనీలో గత వారం జరిగిన ఈ వ్యవహారాన్ని అక్కడివారు రాజీ అంటున్నారు. పొరుగువారి మీద కోపం వస్తే విషం పెట్టవచ్చు, దొరికిపోతే తలకు వెయ్యి రూపాయల చొప్పున కట్టి బయటపడవచ్చు అని ఆ కాగితం ఊరందరికీ చెప్పింది. ఇప్పుడు అడ్డుకోకపోతే రేపు ఇదే రివాజవుతుంది.

గొడవ మూలం ప్రతి పట్టణంలో, ప్రతి వీధిలో ఉన్నదే. ఒక ఇంట్లో పిల్లులు, పక్క ఇంట్లో పెరటి తోట. పిల్లులు గోడ దూకి వచ్చి కూరగాయల మడుల్లో మలవిసర్జన చేస్తున్నాయని ఏడాదిగా మాటా మాటా పెరుగుతూ వచ్చింది. మొదట పలకరింపులు ఆగాయి. తర్వాత పండుగకు పంచుకునే పిండివంటలు ఆగాయి. బతుకమ్మ నాడు ఆ రెండిళ్ల ఆడవాళ్లు చెరో బతుకమ్మ చుట్టూ తిరిగారని ఇరుగుపొరుగు చెబుతున్నారు. గోడ మీద సీసా పెంకులు వచ్చాయి. ఆపైన ఒక రోజు తెల్లవారేసరికి మందు కలిపిన అన్నం వచ్చింది.

మా విలేకరి వెళ్లేసరికి రెండిళ్ల వెనుక ఉన్న ఖాళీ ప్లాటులో, కానుగ చెట్టు కింద, ఒక స్టీలు గిన్నె మూత వెల్లకిలా పడి ఉంది. ఎండుచేప ముక్కలు కలిపిన మెతుకులు దాని అంచుకు అంటుకుని ఎండిపోయాయి. ఒక పిల్లి నీళ్ల తొట్టి పక్కన, మరొకటి మెట్ల కింద చచ్చాయి. మూడోది ఎవరూ పెంచనిది, నాలుగిళ్ల ఎంగిలి తిని బతికే వీధి పిల్లి. అది మురుగు కాలువ ఒడ్డు దాకా పాక్కుంటూ వెళ్లి అక్కడ పడిపోయింది. ఆ మూతకు నాలుగడుగుల దూరంలో చిన్నపిల్లల మూడు చక్రాల సైకిలు ఉంది. సాయంత్రమైతే కాలనీ పిల్లలు ఆడుకునేది ఆ ప్లాటులోనే. ఆ మూతను స్వాధీనం చేసుకోవడానికి ఇప్పటికీ ఎవరూ రాలేదు.

తోట పెంచుకునేవారి బాధ అబద్ధమని మేము అనడం లేదు. నెల రోజులు నీళ్లు పోసి పెంచిన కొత్తిమీర మడిలో పొద్దున్నే చేయి పెడితే ఏం తగులుతుందోనని జంకాల్సి రావడం ఎవరికైనా కష్టమే. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంటుంది. గర్భిణులకు, కడుపులోని బిడ్డకు దానివల్ల ముప్పు ఉందన్నది వైద్యులు చెప్పే మాటే. ఎన్నిసార్లు చెప్పినా పిల్లుల యజమానులు పట్టించుకోలేదన్న ఫిర్యాదులోనూ నిజం ఉంది. ఇంతవరకు మేము వారి పక్షమే. విషం గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఈ బాధలేవీ లెక్కలోకి రావు.

ఆ కాగితంలో ఏముందో చూడండి. మందు ఎవరు పెట్టారో అందులో లేదు. తప్పు జరిగిందన్న మాటా లేదు. ‘జరిగిన నష్టానికి’ మూడు వేలు ముట్టాయని, ఇకపై ఇరువర్గాలూ కలసిమెలసి ఉంటాయని మాత్రమే రాశారు. రెండు పిల్లుల యజమానురాలు వేలిముద్ర వేశారు. డబ్బుకు ఒప్పుకోకపోతే వీధిలో మాట్లాడే దిక్కుండదని ఆమెకు ముందే చెప్పారు. మూడో పిల్లి వెయ్యి రూపాయలు కూడా ఆమె చేతిలోనే పెట్టారు. యజమానే లేని జంతువు తరఫున రాజీ పడే అధికారం ఎవరిచ్చారని అడిగితే పెద్దమనుషుల దగ్గర జవాబు లేదు.

జంతువు ప్రాణానికి వెల కట్టే పద్ధతిని చట్టం ఈమధ్యనే వదులుకుంది. పాత భారతీయ శిక్షాస్మృతిలో 428, 429 సెక్షన్లు ఉండేవి. చంపిన జంతువు విలువ కనీసం 10 రూపాయలైతే ఒక శిక్ష. ఆవు, ఎద్దు, గేదె వంటివైతే విలువతో పనిలేకుండా, మిగతావైతే 50 రూపాయలు, ఆపైన విలువ ఉంటే పెద్ద శిక్ష. పిల్లి వెల ఎంత, వీధికుక్క వెల ఎంత అని లెక్క కట్టాల్సిన దుస్థితి అది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ లెక్కను ఎత్తివేసింది. 325 సెక్షన్ ప్రకారం ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం చెరిపేసిన వెలను నల్లగొండ పెద్దమనుషులు తెల్లకాగితం మీద మళ్లీ రాశారు.

పార్లమెంటు కూడా ఈ విషయంలో తల దించుకోవాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటిసారి నేరానికి జరిమానా ఈనాటికీ 10 రూపాయల నుంచి 50 రూపాయలే. అరవై ఏళ్లు దాటినా ఆ 50 రూపాయల పరిమితిని పెంచే తీరిక ఎవరికీ దొరకలేదు. అంత తక్కువ జరిమానా చూసిన జనం జంతువుల కేసులను తేలికగా తీసుకున్నారంటే ఆ తప్పు వారొక్కరిదే అనలేం. కానీ ఠాణాలో కూర్చున్నవారికి 325 సెక్షన్ తెలియదని అనుకోవడం ఎలా? పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా నేరుగా కేసు నమోదు చేయగలిగిన నేరం అది. ఫిర్యాదు చేయడానికి వెళ్లిన ఆ మహిళకు ఠాణాలో దొరికిన సమాధానం ‘పిల్లుల పంచాయితీ మా దగ్గరికెందుకు, మీరూ మీరూ చూసుకోండి’ అని. చూసుకున్నారు. ఎలా చూసుకున్నారో పైన చెప్పాం.

పిల్లుల సంగతి కాసేపు పక్కన పెడదాం. మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా విషపదార్థాన్ని నిర్లక్ష్యంగా ఉంచడం న్యాయ సంహిత 286 సెక్షన్ కింద విడిగా ఒక నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లలు ఆడుకునే చోట ఆరుబయట పెట్టిన అన్నం ఆ సెక్షన్ కిందికి వస్తుందో రాదో చూడాల్సిన బాధ్యత పోలీసులదే. కలిపింది ఏ మందో కూడా తెలియదు. పిల్లులకు పోస్టుమార్టం చేయించకుండానే పాతిపెట్టారు. మన పొలాల్లో ఎలుకలకు వాడే జింక్ ఫాస్ఫైడే అయితే అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టిస్తుంది. దానికి విరుగుడు లేదు. సైకిలు దిగి మూత దగ్గరికి వెళ్లిన పసిబిడ్డకు ఎండుచేప ముక్క కనిపిస్తే ఏమయ్యేది? అప్పుడు ఎన్ని వేలకు రాజీ రాసేవారు?

ఇది చిన్న విషయాన్ని పెద్దది చేయడం కాదా అని అడిగేవారికి పాలమూరు జిల్లాను గుర్తు చేస్తాం. 2024 ఫిబ్రవరిలో అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ముసుగులు వేసుకుని కారులో వచ్చినవారు సుమారు 20 వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపారు. పెంపుడు కుక్క మీద వీధికుక్కలు దాడి చేశాయన్న కక్షే దానికి కారణమని తర్వాత పోలీసులు చెప్పారు. ఒక ఇంటి పగ ఊరు మీదికి తుపాకితో వచ్చింది. అక్కడ పోలీసులు కదిలారు, వెతికి పట్టుకున్నారు, అరెస్టులు చేశారు. కుక్కల గోల మాకెందుకు అనలేదు. ఆ జిల్లాలో తుపాకి పట్టినవారికి వర్తించిన చట్టం ఇక్కడ గిన్నెలో విషం పెట్టినవారికి వర్తించదా? చచ్చినవి ఇరవై కాకుండా మూడే కాబట్టి వదిలేస్తారా? అలా వదిలేస్తే ఎన్ని చచ్చాక కేసు పెట్టాలో కూడా ఆ పెద్దమనుషులే నిర్ణయిస్తారు.

పిల్లులు పెంచేవారికీ ఒక మాట చెప్పాలి. పిల్లి తన మలాన్ని పూడ్చిపెట్టే జంతువు. పొడి మన్ను, గుల్ల నేల కనిపిస్తే అక్కడికే వెళ్తుంది. వెనకటి పెంకుటిళ్లకు వాకిలి మన్నుదే, పెరడు మన్నుదే. పొయ్యి బూడిద కుప్ప ఉండేది, పేడ దిబ్బ ఉండేది. ఈనాటి రెండు వందల గజాల ప్లాటులో గేటు నుంచి వెనక గోడ వరకు సిమెంటు, బండలు. వీధి సీసీ రోడ్డు. ఇక ఆ వాడ మొత్తం మీద వదులుగా తవ్విన మన్ను ఎక్కడుంది? పక్కింటివారు చెమటోడ్చి గుల్ల చేసిన మడిలో ఉంది, మిద్దెతోట కుండీల్లో ఉంది. మీ ఇల్లంతా బండలు పరిచి, పిల్లికి జానెడు మన్ను మిగల్చకుండా, అది పొరుగింటి మెంతికూరలో కూర్చుంటే ‘మూగజీవం, దానికేం తెలుసు’ అనడం న్యాయం కాదు. దానికి తెలియకపోవచ్చు, మీకు తెలుసు. పెరట్లో ఒక మూల రెండు తట్టల ఇసుక పోసి రోజూ శుభ్రం చేయండి. మలం పడిన రోజే ఎత్తివేస్తే ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఆ సూక్ష్మజీవి సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. ఆడపిల్లి ఆరు నెలలు నిండకముందే ఎదకు రావచ్చు, రెండు నెలలకు కాస్త పైగా మోసి కూనలను పెడుతుంది. పశువైద్యుడి దగ్గర శస్త్రచికిత్స చేయించకుండా ఏడు పిల్లులై, పదై వీధి మీద పడ్డాక చేతులెత్తేయడం పెంపకం అనిపించుకోదు.

తోట కాపాడుకోవడం రైతు బిడ్డలకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. విత్తనం చల్లిన మడి మీద రేగుకంప, తుమ్మకంప పరిచి పక్షుల నుంచి, కోళ్ల నుంచి కాపాడుకున్న ప్రాంతం ఇది. నారు నిలదొక్కుకునేదాకా మడి మీద ఇనుప జాలీ పరిస్తే పిల్లికి గీకే వీలుండదు. మడి తడిగా ఉంటే అది కూర్చోవడానికి ఇష్టపడదు. ఇవేవీ పనిచేయకపోతే పురపాలక కార్యాలయం ఉంది, న్యాయసేవాధికార సంస్థ ఉంది. అక్కడ ఆలస్యమవుతుందని మాకు తెలుసు. ఆలస్యమైందని విషం పెట్టినవారికి తొమ్మిది మంది అండ నిలబడటాన్నే మేము ఒప్పుకోలేం.

ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవారు రేపు మరో వీధికి పెద్దమనుషులుగా వెళ్తారు. అక్కడ కోళ్లు గడ్డివాములో దూరాయని గొడవ ఉంటుంది. ఇంకో చోట మేక మల్లెచెట్టు మేసిందని, కుక్క రాత్రంతా మొరిగిందని ఉంటుంది. ప్రతిచోటా ఒకరు ‘ఫలానా కాలనీలో వెయ్యికి తెంచారు కదా’ అంటారు. కోడికి ఇంత, మేకకు ఇంత అని బేరం మొదలవుతుంది. డబ్బున్నవాడికి విషం పెట్టడం ఒక ఖర్చు మాత్రమే అవుతుంది. డబ్బు లేనివాడు చచ్చిన తన జంతువును పూడ్చుకుని నోరు మూసుకుంటాడు. మొన్న వేలిముద్ర వేసిన ఆమె చేసింది అదే.

జిల్లా పోలీసు అధికారులు ఈ వ్యవహారంలో వెంటనే కేసు నమోదు చేయించాలి. పాతిపెట్టిన పిల్లులను పశువైద్యుల సమక్షంలో వెలికితీసి, ఏ మందు వాడారో పరీక్ష చేయించాలి. ఫిర్యాదును వెనక్కి పంపినవారి నుంచి సంజాయిషీ తీసుకోవాలి.

ఇక సంతకాలు చేసిన తొమ్మిది మందికి. మీలో రిటైరైన ఉద్యోగులు ఉన్నారు, బడి పిల్లలకు పాఠాలు చెప్పినవారు ఉన్నారు. ఆ కానుగ చెట్టు కింద మీ మనవలు కూడా ఆడుకుంటారు. గొడవ సద్దుమణగాలన్న మీ ఆరాటాన్ని అర్థం చేసుకోగలం. కానీ ఆ స్టీలు మూత ఎవరి వంటింటిదో మీకు తెలుసు. తెలిసే ఆ పేరు లేకుండా కాగితం రాయించారు. రేపు పొద్దున్నే ఠాణాకు వెళ్లి ఆ పేరు చెప్పండి.