చప్పట్లు కొట్టిస్తే చదువు పోదు

ఈమధ్య మన హైదరాబాద్ పేరెంట్స్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘వేలకు వేలు ఫీజులు కట్టించుకుని పిల్లలతో చప్పట్లు, చిటికెలు వేయిస్తున్నారు. అది చదువు కాదు. పక్క క్లాసుకు గోల, పిల్లలకు క్రమశిక్షణ పోతుంది, పరీక్షలో ఒక్క మార్కూ రాదు’ అని దాని సారం. సైన్స్ టీచర్‌గా దీనికి జవాబు చెప్పకుండా ఉండలేను.

చదువు కాదన్న మాటే ముందు చూద్దాం. మా క్లాసులో చేయించేది ఒంటితోనే వాన చప్పుడు పుట్టించే ఆట. పిల్లలంతా మొదట అరచేతులు రుద్దుతారు, తర్వాత చిటికెలు, ఆపైన తొడల మీద దరువు, చివరికి కాళ్లతో నేల మీద. కళ్లు మూసుకుంటే జడివానే. ఒకసారి ఆరో తరగతిలో అందరూ ఒకే లయలో చిటికెలేశారు, వాన చప్పుడు రాలేదు. ‘టీచర్, చినుకులన్నీ ఒకేసారి పడవు కదా’ అంది వెనక బెంచీ పాప. ఎవరి వేగంలో వాళ్లు వేయగానే వాన చప్పుడు వచ్చింది. చిన్న చిన్న శబ్దాలు వేర్వేరు క్షణాల్లో పుట్టి ఏకధాటి హోరుగా ఎలా మారతాయో బోర్డు మీద రాసి చెబితే ఇంత తొందరగా ఎక్కదు. అక్కణ్నుంచి మా మాట గోల్కొండ కోట మీదికి మళ్లింది. కింద ద్వారం దగ్గర కొట్టిన చప్పట్లు కోట పైభాగంలో ఉన్న బాలా హిస్సార్ దగ్గర వినబడతాయని మన పిల్లలకు తెలుసు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, మరి కిలోమీటరుకు ఎంతసేపు? దాదాపు 3 సెకన్లని వాళ్లే తేల్చారు.

క్రమశిక్షణ పోతుందనడం శుద్ధ తప్పు. వాన మొదలుపెట్టడం తేలికే, తగ్గించడమే కష్టం. నా చెయ్యి కిందికి దిగుతుంటే క్లాసంతా ఒకరినొకరు వింటూ చప్పుడు తగ్గించుకోవాలి. నేను ‘సైలెన్స్’ అని అరిచినప్పుడు ఎప్పుడూ కుదరని పని అది.

పక్క క్లాసుకు ఇబ్బందన్నది మాత్రం నిజం. ఇరుకు బిల్డింగుల్లో నడిచే స్కూళ్లు మనకు చాలా ఉన్నాయి. అందుకే గ్రౌండ్‌లోనో టెర్రస్ మీదో చేయించాలి. పెద్ద చప్పుడు పడని పిల్లలూ ఉంటారు, వాళ్లను బలవంతపెట్టకుండా చేతి సైగలతో గుంపును నడిపించే పని ఇవ్వాలి.

ఇక ఫీజు. దీనికి పైసా ఖర్చు లేదు. దీని పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే తప్పకుండా నిలదీయండి.

మార్కులంటారా, అనుభవంతో నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. అది పక్కన పెట్టినా, హైస్కూల్ సైన్స్‌లో ధ్వని పాఠం ఉంది. దాన్నీ ఇలాగే చేయించి నేర్పొచ్చు. నలుగురు పిల్లలు తలో స్కేలు బల్ల అంచున నొక్కిపట్టి, బయటికి ఉంచే భాగం ఒక్కొక్కరు ఒక్కో పొడవు పెట్టి మీటితే నాలుగు రకాల శబ్దాలొస్తాయి. పొట్టి ముక్క వేగంగా కంపిస్తుంది, అంటే పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందనే లెక్క) ఎక్కువ, అందుకే కీచుగా వినిపిస్తుంది. పరీక్షలో అడిగేదీ అదే.