ఒకే పేపరు, రెండు దిద్దుళ్లు
మా పాప, తిరుపతి బైరాగిపట్టెడలో మా పక్కింటి బాబు ఒకే బడిలో ఎనిమిదో తరగతి ఫౌండేషన్ లెక్కలు (ఐఐటీ లాంటి ప్రవేశ పరీక్షలకు ముందునుంచే సిద్ధం చేసే పాఠాలు) చదువుతున్నారు. సెక్షన్లే వేరు. బాబు వాళ్ల సారు స్టెప్పులకు మార్కులిస్తారు. మా పాప మేడం జవాబు తప్పితే సున్నా వేసి, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో లాగా ఒక మార్కు కోస్తారు. సమీకరణమంతా సరిగ్గా సాధించి, చివర్లో మైనస్ గుర్తు మరిస్తే అక్కడ 5కి 4, ఇక్కడ మైనస్ 1!

సరే, ఎవరి పద్ధతి వాళ్లది. మరి రెండు సెక్షన్లకూ కలిపి ర్యాంకులెందుకు వేస్తారండీ? ఆ ర్యాంకు చూసే కదా పాపను కింది సెక్షన్‌కు మారుస్తామంటున్నారు! పదో తరగతి బోర్డు పరీక్షలోనే స్టెప్పులకు మార్కులుంటే, పదమూడేళ్ల పిల్లకెందుకు లేవు? లెక్కలంటే ప్రాణం పెట్టే బిడ్డ ఇప్పుడు కష్టమైన ప్రశ్న ముట్టుకోవాలంటేనే భయపడుతోంది.