కోర్లు పంచుకున్నాం సరే, కాష్ ఎవరిది?

పర్లాకిమిడిలో నేను చూసుకునే ఆఫీసుకి సర్వర్ ఒక్కటే. రెండు సాకెట్ల (అంటే రెండు ప్రాసెసర్ చిప్‌లు కూర్చునే) పాత జియాన్ పెట్టె, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాని మీద కేవీఎం (ఒకే పెట్టెను చాలా కంప్యూటర్లుగా నడిపించే లినక్స్ సదుపాయం), ఆ పైన ఆరు వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు: అకౌంట్లు, స్టాకు, హాజరు, ఫైళ్ళు, ఒడియా నోటీసులు ముద్రించే పాత విండోస్, ఇంకా బ్యాకప్. క్లౌడ్‌కి మారిపొమ్మని సలహా ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఊడ్చేసి పోయాక ఇక్కడ ఆ సలహా ఎవరి చెవికీ ఎక్కడం లేదు. బయటి లైను తెగినా లోపలి పని నడవాలంటే పెట్టె మన గదిలోనే ఉండాలి.

అకౌంట్స్ మేడమ్‌ది ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు. "ఏటి బాబూ ఇది, నాలుగైతే చాలు, బిల్లు కొడితే తిరుగుతానే ఉంటాది." నాలుగింటికే బ్యాకప్ మొదలవుతుంది. రాత్రికి పెడితే డిస్కు మార్చే మనిషి ఉండడు. కాబట్టి దోషి ఎవరో తెలుసు, నేరమే అంతుబట్టలేదు. సీపీయూ సగం కూడా వాడకంలో లేదు, ర్యామ్ ఖాళీగా ఉంది, డిస్కులు వేరు. బ్యాకప్ వీఎంను వేరే కోర్లకి (ప్రాసెసర్‌లో పని చేసే విడి భాగాలకి) కట్టేసి చూశాను. మార్పు లేదు.

దొంగతనం జరుగుతున్నది ఎల్3 కాష్‌లో, అంటే తరచూ వాడే డేటాను ప్రాసెసర్ తన దగ్గరే ఉంచుకునే చిన్న నిల్వలో. (కాష్ అంటే మా మేడమ్‌కి గల్లాపెట్టె గుర్తొచ్చింది. ఆలోచిస్తే అదీ తప్పేం కాదు, కౌంటర్ మీదే చేతికందేలా ఉంచుకునే చిల్లర అది.) మా జియాన్ ఈ5-2680 వీ4లో సాకెట్‌కి 14 కోర్లు, వాటన్నిటికీ ఉమ్మడిగా 35 ఎంబీ ఎల్3. కోర్లను విడగొట్టినా ఈ నిల్వ విడిపోదు. బ్యాకప్ గిగాబైట్ల కొద్దీ ఫైళ్ళను ఒక్కసారి చదివి వదిలేస్తుంది, మళ్ళీ వాటి మొహం చూడదు. అయినా చదివిన ప్రతి 64 బైట్ల ముక్కా ఎల్3లో చోటు అడుగుతుంది. ఆ చోటు కోసం బయటికి పోయేది అకౌంట్ల డేటాబేస్ నిమిషానికి వందసార్లు తాకే ఇండెక్సు. ఈ తరం జియాన్‌లో ఇంకో చిక్కుంది. ఎల్3 నుంచి ఒక ముక్క పోతే, దాన్ని వాడుతున్న కోరు సొంత చిన్న కాష్‌లు ఎల్1, ఎల్2ల్లో ఉన్న దాని ప్రతి కూడా రద్దవుతుంది. పక్కింటివాడి సందడికి మన వంటింట్లో గిన్నెలు ఖాళీ అవుతాయన్నమాట.

ఈ ప్రాంతం వాళ్ళకి ఇది కొత్త గొడవ కాదు. గుణుపూర్, కాశీనగర్ మీదుగా దిగి గొట్టా బ్యారేజీకి చేరే వంశధార నీళ్ళ మీద ఒడిశా, ఆంధ్ర రెండూ దశాబ్దాలు వాదించుకున్నాయి. 115 టీఎంసీలను చెరి సగం అని కాగితం మీద ఉన్నా, తగాదా 2010లో ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. వాటా ఎంతో చెప్పడం సులువు, తూము ఎవరి చేతిలో ఉంటుంది, కొలత ఎవరు చూస్తారు అన్నదగ్గరే పేచీ. వర్చువలైజేషన్ టూల్స్‌లో కాష్ నియంత్రణల కథ కూడా సరిగ్గా అక్కడే ఆగింది.

తూము ఎప్పుడో వచ్చేసింది. ఇంటెల్ ఈ5 వీ4 చిప్‌లలో కాష్ అలొకేషన్ టెక్నాలజీ ఉంది. మా ఎల్3 ఇరవై అరల బీరువా అనుకుంటే అర ఒక్కింటికి 1.75 ఎంబీ. ఏ పని ఏ అరల్లో సరుకు పెట్టొచ్చో ఇరవై బిట్ల మాస్కుతో (అరకొక 0 లేదా 1 ఉండే వరుసతో) చెప్పొచ్చు. కేవీఎం లాంటిదే అయిన జెన్ 2015లోనే 4.6 వెర్షన్‌లో దీన్ని అందుకుంది. లినక్స్ కెర్నెల్ (ఆ సిస్టమ్ మూల భాగం) 2017లో 4.10తో, ఫైళ్ళలో రాసి ఈ వాటాలు పెట్టుకునే రెస్‌కంట్రోల్ అనే ఫైల్ సిస్టమ్ ఇచ్చింది. 2018లో, వీఎంలను నిర్వహించే టూల్ లిబ్‌విర్ట్, కాష్‌ట్యూన్ అనే వాటాల సెట్టింగు చేర్చింది.

రెస్‌కంట్రోల్‌లో నేరుగా స్క్రిప్టు రాసుకుంటే చాలదా అని వాదించేవాళ్ళున్నారు. నేనూ మొదట అదే చేశాను. అక్కడ రాసేది థ్రెడ్ (నడుస్తున్న ఒక్కో పని) నంబర్లు. వీఎం ఒకసారి ఆగి లేస్తే దాని వీసీపీయూ (వర్చువల్ సీపీయూ) థ్రెడ్లకి కొత్త నంబర్లు వస్తాయి, మన స్క్రిప్టు చచ్చిన నంబర్లకి కాపలా కాస్తుంది. కరెంటు పోయి సర్వర్ మళ్ళీ లేచిన రోజు ఎవరికీ తెలియకుండా నియంత్రణ ఎగిరిపోతుంది. వీఎం పుట్టుక, చావు తెలిసినవాడి చేతిలోనే తూము ఉండాలి. అంటే మేనేజ్‌మెంట్ టూల్ చేతిలో.

అయితే లిబ్‌విర్ట్ ఇచ్చిన తూము ఎలా ఉంది? బిట్ మాస్కులు కాకుండా కిలోబైట్లలో అడగనిచ్చారు, అది మంచి పని. కానీ అర కొలతకి సరిపోని అంకె వేస్తే ఒప్పుకోదు. మా పెట్టెలో 5 ఎంబీ కుదరదు, 5.25 కుదురుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. అది ఒకరి వాటా ఇంకొకరితో కలవనివ్వదు, ఖాళీగా ఉన్న అరల్లోంచే ఇస్తుంది. సర్వర్ లేచేసరికి ఇరవై అరలూ డిఫాల్ట్ గ్రూపు (వేరే వాటా పెట్టని పనులన్నీ ఉండే గుంపు) చేతిలో ఉంటాయి. కాబట్టి ముందు కెర్నెల్ దగ్గరికి వెళ్ళి డిఫాల్ట్ గ్రూపును మనమే కుదించాలి. లేదంటే చోటు లేదని ఎర్రర్, వీఎం లేవదు. తెలియనివాడు దీని మీద ఒక సాయంత్రం పోగొట్టుకుంటాడు. నేను రెండు పోగొట్టుకున్నాను. వీఎంలను తెర మీద చూసుకునే విర్ట్ మేనేజర్‌లో అయితే దీనికి గడి కూడా లేదు, ఎక్స్ఎంఎల్ (వీఎం సెట్టింగుల పాఠం) చేత్తో రాసుకోవాల్సిందే.

నా వరకు ఈ టూల్స్ అసలు తప్పు గడి లేకపోవడం కాదు, ప్రశ్నను తలకిందులుగా అడగడం. ఏ వీఎంకి ఎంత కాష్ కావాలి అని అడుగుతాయి. అది ఎవరికి తెలుసు? డేటాబేస్ రాసినవాడికే తెలియదు. అడగాల్సింది, ఏ వీఎంకి కాష్ దండగ అని. అది చెప్పడం సులువు: బ్యాకప్, వీడియో మార్పిడి, వైరస్ స్కాను. వాటిని ఒక్క అరలో కూర్చోబెడితే మిగతా పందొమ్మిది అందరూ కలిసి వాడుకుంటారు. అకౌంట్లకి కోట కట్టక్కర్లేదు, బ్యాకప్‌కి దడి కడితే చాలు. మేం చేసిందీ అదే. డిఫాల్ట్‌ను పందొమ్మిది అరలకి కుదించి, మిగిలిన ఒక్కటీ కాష్‌ట్యూన్‌తో బ్యాకప్‌కి ఇచ్చాం. ఆ వీఎంను ఒక సాకెట్‌కే కట్టాం, ఎందుకంటే ఒక సాకెట్‌లో గీసిన వాటా రెండో దానికి వెంట రాదు. నాలుగింటి తిరుగుడు తగ్గింది. మేడమ్ మెచ్చుకోలేదు గానీ ఫోన్ చేయడం మానేశారు.

ఈ తూముకి కొన్ని గుణాలున్నాయి, టూల్ వాటిని దాచకూడదు. అది కొత్త సరుకు లోపలికి రావడాన్నే ఆపుతుంది. వేరే అరల్లో అప్పటికే ఉన్నదాన్ని చదువుకోనిస్తుంది. మాస్కు మార్చిన మరుక్షణం పాత సరుకు తుడిచిపోదు, తూము దించినా మడిలో నిలిచిన నీళ్ళు కాసేపు ఉన్నట్టే. పై రెండు అరల్లోకి మామూలుగా నెట్‌వర్క్ కార్డు కూడా నేరుగా డేటా దించుతుంది, దడికి అవి పనికిరావు. కాష్ బిగిస్తే అదే పని మెమరీ దారి మీద పడి అక్కడ రద్దీ పెంచొచ్చు. ఆ దారిని కూడా కట్టడి చేసే సదుపాయం 2017 నాటి స్కైలేక్ సర్వర్ చిప్‌లతో గానీ రాలేదు, మా పెట్టెకి ఆ భాగ్యం లేదు. గ్రూపులు కూడా పదహారే, కోడు, డేటా విడివిడిగా పంచితే ఎనిమిదే. అందుకే వాటా పెట్టే గడి పక్కనే, ఇప్పుడు ఏ వీఎం ఎంత కాష్ ఆక్రమించిందో చూపే అంకె ఉండాలి. ఆ కొలత లిబ్‌విర్ట్‌లో ఉంది కూడా, తెర మీదికి తెచ్చేవాళ్ళే లేరు.

మా ఆఫీసులో కొత్త పెట్టె మాట నడుస్తోంది, ఈసారి ఏఎండీ ఎపిక్ 7002 రకం. అందులో ఎల్3 ఒక్క చెరువు కాదు, నాలుగేసి కోర్లకి 16 ఎంబీ చొప్పున విడివిడి కుంటలు. బ్యాకప్‌ను ఒక కుంట దగ్గర ఒంటరిగా కట్టేస్తే మాస్కుల పనే ఉండకపోవచ్చు. ఇప్పుడు రాసుకున్న ఎక్స్ఎంఎల్ మాత్రం అక్కడ ఒక్క ముక్కా పనికిరాదు.