బ్రీడ్ చార్ట్ గారికి, పులి ఇంటి నుంచి

బ్రీడ్ చార్ట్ గారికి,

బెంగళూరు, మారతహళ్లి నుంచి నమస్కారాలు.

మాకు ఒక కుక్క ఉంది. రెండోది తెచ్చుకుందామని ఇంట్లో తీర్మానం అయింది. (మొదటి కుక్కను ఎవరూ అడగలేదు. మన దేశంలో తీర్మానాలు అలాగే అవుతాయి.) ఏ జాతి అయితే దీనితో సర్దుకుపోతుందో తేల్చమని మిమ్మల్ని రప్పించాం. మీరు రంగురంగుల్లో వచ్చారు. ఎడమ పక్క జాతుల పేర్లు, పైన గుణాలు, గడిగడికీ ఒకటి నుంచి అయిదు స్టార్లు. ఎంత మొరుగుతుంది, ఎంత బొచ్చు రాలుస్తుంది, పిల్లలతో ఎలా ఉంటుంది, ఇంటికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే ఏం చేస్తుంది. కుడి చివర్లో ‘ఇతర కుక్కలతో స్నేహం’. మా ఆయన కళ్లద్దాలు సవరించుకుని నేరుగా అక్కడికే వెళ్లారు.

ముందు మా కుక్కను మీకు పరిచయం చేయాలి, ఎందుకంటే మీకు అది తెలియదు. పేరు పులి. ఆడది, అయిదేళ్లది. ఇక్కడే ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నప్పుడు ఇసుక కుప్ప పక్కన పుట్టింది. గోధుమ రంగు ఒళ్లు, నిక్కిన చెవులు, వంపు తిరిగిన తోక. దీని కోసం మీలో అఫెన్‌పిన్షర్ నుంచి యార్క్‌షైర్ టెరియర్ దాకా వెతికాం. నోరు తిరగని పేర్లన్నీ ఉన్నాయి గానీ, మన ప్రతి టీ బంకు ముందూ పడుకుని ఉండే కుక్క లేదు. అట్టడుగున ‘మిక్స్‌డ్, ఇతరములు’ అని ఒక వరుస. దానికి స్టార్ల బదులు అడ్డగీత.

మిక్స్‌డ్ అంటే ఏవో రెండు జాతులు కలిస్తే పుట్టినదని కదా మీ ఉద్దేశం. మన వీధి కుక్క అలా రాలేదండీ. మీ జాబితాలో చాలా జాతులకు ఇంత ఎత్తు, ఈ రంగు, ఈ ముక్కు అని కొలతలు ఖరారైంది 19వ శతాబ్దంలో ఇంగ్లండులో కుక్కల పోటీలు మొదలయ్యాకే. అక్కడ కెనల్ క్లబ్ పెట్టుకున్నది 1873లో. పులి పూర్వీకులు అప్పటికే ఎన్నో వందల తరాలుగా మన ఊళ్లలో చద్దన్నం తిని కాపలా కాస్తున్నారు. ఇతరములు ఎవరో మీరే చెప్పండి.

సరే, స్టార్ల సంగతికి వద్దాం.

మా ఆయనకు హస్కీ కావాలి. ఆఫీసులో ఎవరికో ఉందట, నీలం కళ్లట. స్నేహం గడిలో దానికి మీరు ధారాళంగా స్టార్లు ఇచ్చారు. కాదనను. సైబీరియాలో చుక్చీ జనం మంచు మీద బండ్లు లాగించడానికి పెంచిన జాతి అది. పక్కదానితో కొట్లాడే కుక్కను బండికి కట్టలేరు కదా. కానీ అది అందరూ ఒకే దిక్కుకు, మైళ్లకొద్దీ పరిగెత్తేటప్పటి స్నేహం. మా పులి జీవితాశయం చల్లని టైల్స్ మీద పక్కకు వాలి పడుకోవడం. ఆ పక్కనే మైళ్లు పరిగెత్తాల్సిన ప్రాణిని తెచ్చి టూ బీహెచ్‌కేలో వదిలితే, బండి దొరకలేదని సోఫా లాగుతుంది, అదీ దొరక్కపోతే పులిని లాగుతుంది. “బెంగళూరు చల్లగానే ఉంటుందిగా” అని మా ఆయన వాదన. ఉండేది. ఏప్రిల్‌లో 35 డిగ్రీలు దాటే ఊరిని ఇంకా ఎయిర్ కండిషన్డ్ సిటీ అనేవాళ్లు ఇద్దరే మిగిలారు, పాత పెన్షనర్లూ, హస్కీలు అమ్మేవాళ్లూ. రెండు పొరల బొచ్చుకు రోజంతా తిరిగే ఏసీ బిల్లు ఎంతో మీ గడుల్లో ఎక్కడా లేదు.

మా అమ్మాయి బీగిల్ అంటోంది. దానికీ స్నేహంలో ఫుల్ మార్కులు వేశారు. అదీ న్యాయమే, గుంపుగా కుందేళ్ల వెంట పడడానికి పెంచిన కుక్క. తోటి కుక్క అంటే దానికి చుట్టమే. కానీ దాని ఒళ్లంతా ముక్కు చెప్పినట్టు నడుస్తుంది. మా ఇంట్లోనేమో పులి గిన్నె ఉంది. ఇసుక కుప్ప పక్కన నలుగురు తోబుట్టువులతో పోటీ పడి తిన్న ప్రాణి అది, గిన్నె జోలికి మా ఆయన కూడా చెప్పకుండా వెళ్లరు. బీగిల్ వెళ్తుంది. ఎవరి మీదా అనుమానం లేని మంచి మనసు కదా, తోక ఊపుకుంటూ వెళ్లి మూతి పెడుతుంది. ఆ తర్వాత జరగబోయేదానికి కారణం మీరు మెచ్చుకున్న ఆ స్నేహగుణమే.

నా తగాదా ఇక్కడే. కలిసి ఉండడం అనేది బొచ్చు లాగానో తోక లాగానో ఒక కుక్కకు పుట్టుకతో వచ్చే వస్తువు కాదు. రెండు కుక్కల మధ్య, ఫలానా ఇంట్లో, ఫలానా గిన్నె దగ్గర తేలాల్సిన వ్యవహారం. మీరు రాబోయేదాన్ని మాత్రమే తూకం వేసి, ఉన్నదాని మొహం కూడా చూడకుండా తీర్పు రాసేశారు.

మా అత్తయ్య మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడే అన్నారు, “ఏందమ్మా, కుక్కకు గూడా పెండ్లి సంబంధాలు చూస్తాండారా?” అని. ఆవిడది పత్తికొండ. పక్కనే పందికోన. ఆ ఊరి కుక్కలకు కాపలాలో పెట్టింది పేరు, కర్నూలు జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. మీలో ఆ పేరు లేదని తెలిశాక అత్తయ్య దృష్టిలో మీ పరువు పోయింది. కొల్లేరు పక్క బాతుల మందలు కాస్తూ వచ్చిన జొనంగి కుక్క కూడా మీకు తెలియదు. అంతెందుకు, మేముంటున్న రాష్ట్రంలోనే బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ కుక్క ఉంది. 2005లో తపాలా బిళ్ల మీదికి ఎక్కింది, మీ మీదికి ఎక్కలేకపోయింది. (పందికోన కుక్కను తెచ్చి మూడో అంతస్తులో కట్టేద్దామని నా ఉద్దేశం కాదు. పొలం కాసే కుక్కకు స్విగ్గీ కుర్రాళ్ల పహారా అప్పజెబితే రోజుకు ఎన్ని గొడవలో! లేదన్న సంగతి మాత్రం చెబుతున్నాను.)

పోనీ, జాతిని బట్టి గుణం తెలుస్తుందన్న మీ మూల సూత్రమైనా గట్టిదా అంటే, 2022లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల గురించి పెంచేవాళ్లను ప్రశ్నలడిగి, అందులో 2 వేలకు పైగా కుక్కల డీఎన్‌ఏ చదివారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. చెప్పిన మాట వినడం లాంటి వాటిలో జాతి కాస్త సాయపడుతుందట. చిరాకు కలిగినప్పుడు ఎంత తొందరగా రెచ్చిపోతుంది అన్నదానిలో మాత్రం జాతి చెప్పేది దాదాపు ఏమీ లేదట. రెండు కుక్కలున్న ఇంటికి కావాల్సిన కబురు అదొక్కటే. మీరు అయిదు స్టార్లూ గుప్పించింది కూడా సరిగ్గా అక్కడే.

మీ ఒక్కరినే అనడం అన్యాయం, సర్కారుకూ మీ జబ్బే. 2018లో అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ ఫ్లాటుకు ఒక్క కుక్క, సొంత ఇంటికి మూడు అని నిబంధన తెచ్చి, ఫ్లాటులో పెంచుకోదగ్గ జాతుల జాబితా కూడా జోడించింది. జనం గొడవ చేస్తే వెనక్కి తగ్గింది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులు ప్రమాదకరమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధించినవాళ్లను సంప్రదించకుండా చేశారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాబితా రాయడం తేలిక. ఒక్కో కుక్కనూ, దాన్ని పెంచే మనిషినీ చూడాలంటే ఎవరైనా ఇంటికి రావాలి.

మీకు గడులే ఇష్టం అయితే, పెట్టాల్సిన గడులు వేరే ఉన్నాయి. ఇంట్లో ఉన్నది ఆడదా మగదా అని ఒకటి పెట్టండి. ఆడ, మగ జంట తేలిగ్గా సర్దుకుంటుందనీ, రెండు ఆడకుక్కలకు చెడితే మళ్లీ కలపడం కష్టమనీ కుక్కల ప్రవర్తన చూసే డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా అన్నది దాని పక్కనే ఉండాలి. వయసు మరీ ముఖ్యం. పదేళ్లు దాటి కీళ్లు నొప్పి పెట్టే కుక్క మీదికి రెండు నెలల పిల్లను వదిలితే ముసలిదానికి విశ్రాంతి పోతుంది, పిల్లకు కరవడం అంటే ఏమిటో తెలుస్తుంది. మొదటిది ఇంకా చెప్పులు కొరికే వయసులో ఉంటే రెండోది దానికి శిష్యరికం చేస్తుంది. ఒళ్లు కూడా చూడాలి. పులి రాత్రిపూట బేస్‌మెంట్‌లో పందికొక్కుల్ని తరుముతుంది. అరచేయంత షిట్జు ఒకటి కీచుమంటూ పరిగెత్తితే, ఆ క్షణాన పులికి అది చెల్లెలిలా కనబడుతుందని నేను హామీ ఇవ్వలేను.

అన్నిటికన్నా పెద్ద గడి ఒకటుంది, ఉదయం ఆరింటికి రెండు తాళ్లూ ఎవరు పట్టుకుంటారు? మా ఇంట్లో ఈ ప్రశ్న వేయగానే హస్కీ పార్టీ, బీగిల్ పార్టీ రెండూ ఒకేసారి ఫోన్లు చూసుకున్నాయి.

మీ స్టార్లను నమ్ముకుని బతికే ఒకాయన మాకు వాట్సాప్‌లో తగిలాడు. కుక్కపిల్ల ఫొటోలు పంపాడు. “హండ్రెడ్ పర్సెంట్ డాగ్ ఫ్రెండ్లీ మేడమ్, బ్రీడే అలాంటిది” అన్నాడు. వయసెంత అంటే 35 రోజులు. కళ్లు తెరిచి మూడు వారాలైన పసిగుడ్డుకు క్యారెక్టర్ సర్టిఫికెట్! ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను అమ్మకూడదని కుక్కల అమ్మకాలపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల్లో ఉంది కదా అన్నాను. “అవి పేపర్ రూల్స్ మేడమ్, పేపర్లు కావాలంటే రేటు వేరే” అన్నాడు. ఒకే తల్లి పిల్లల్ని రెండు తీసుకుంటే డిస్కౌంటట. అలా జతగా పెరిగినవి ఒకదాన్నొకటి అతుక్కుపోయి మనుషుల మాట వినవని ట్రైనర్లు నెత్తీ నోరూ కొట్టుకుంటారు. ఆ డిస్కౌంట్ ఎవరికి లాభమో ఆయన్నే అడగండి.

చివరికి ఏమైందో మీకు చెప్పడం మర్యాద. మేము జాతి వెతకడం మానేసి, పులిని వెంటబెట్టుకుని కుక్కను వెతికాం. దిక్కులేని కుక్కల్ని తాత్కాలికంగా సాకే ఒక ఫోస్టర్ ఇంట్లో రెండేళ్ల మగకుక్క ఉందంటే వెళ్లాం. ఆపరేషన్ అయింది, టీకాలు పడ్డాయి. ఇంట్లోకి కాకుండా, ఇద్దరికీ కొత్తయిన ఒక రోడ్డు మీద కలిపాం. తాళ్లు వదులుగా పట్టుకుని, మధ్యలో దూరం ఉంచి, ఒకే వైపు పక్కపక్కన నడిపించాం. పులి మొదట దాన్ని చూడనట్టు నటించింది. తర్వాత వెనక వాసన చూసింది. తర్వాత ముందుకు నడుస్తూ అది వస్తోందా లేదా అని తిరిగి చూసింది. ఆ తిరిగి చూడడానికి ఎన్ని స్టార్లో మీరు లెక్క కట్టలేరు, నేను కట్టను.

ఇప్పుడది ట్రయల్ మీద మా ఇంట్లో ఉంది. గిన్నెలు వేర్వేరు గదుల్లో. మధ్యలో పిల్లల కోసం పెట్టే గేటు. మేము ఇంట్లో లేనప్పుడు ఎవరి గది వాళ్లది. నిన్న బాల్కనీలో పాత పరుపు కోసం చిన్న గొడవ అయింది, పులి గెలిచింది, రెండోది కాలిమ్యాట్ మీదికి వెళ్లి పడుకుంది. అత్తయ్య దానికి ‘సుంకన్న’ అని పేరు పెట్టేశారు. మా అమ్మాయి ‘ఆస్కార్’ అంటోంది. అది మాత్రం సుంకన్న అంటేనే వస్తోంది, ఎందుకంటే రాగి సంకటి ఆ చేత్తోనే వస్తుంది.

ఒక్క సాయం కావాలి. మా అసోసియేషన్ వాళ్లు రెండో కుక్క వివరాలకు ఫారం పంపారు. అందులో మొదటి గడే ‘బ్రీడ్’, ఖాళీగా వదిలితే తీసుకోరట. ఈ సుంకన్న ఒంట్లో ఏముందో కన్నతల్లికైనా తెలుసో లేదో. ఏం రాయాలో తొందరగా చెప్పండి. అత్తయ్య ఇప్పటికే పెన్ను తీసుకుని ‘పందికోన’ అని రాయడానికి కూర్చున్నారు, ఆవిడను వద్దనే ధైర్యం ఈ ఇంట్లో పులికి కూడా లేదు.

ఇట్లు,
పులి వాళ్లమ్మ